కలరానా, మామూలు వాంతులు–విరేచనాలా? ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి, మొదటి నాలుగు గంటల్లో ఏం చేయాలి

ఆస్పత్రిలో ఓపీ చీటీ మీద ‘ఏజీఈ’ అని రాసిస్తారు. పేపర్లో ‘అతిసారం ప్రబలింది’ అని వస్తుంది. వీధిలో ‘కలరా అంట’ అనే మాట పాకుతుంది. ఈ మూడూ ఒకటేనా, వేరువేరా అని ప్రతి వానాకాలంలోనూ అడుగుతూనే ఉంటారు.

ఏజీఈ అంటే అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్, అంటే ఉన్నట్టుండి వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకోవడం. పేపర్లో అతిసారం అనేది కూడా ఈ విరేచనాలనే. దానికి కారణం రోటా వైరస్ కావచ్చు, నోరో వైరస్ కావచ్చు, ఈ–కొలై, సాల్మొనెల్లా, పాడైన తిండిలోని విషం, ఏదైనా కావచ్చు. కలరాకి మాత్రం కారణం ఒక్కటే, విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా. అంటే కలరా కూడా ఏజీఈలో ఒక రకమే, కానీ ఏజీఈ అంతా కలరా కాదు. పైగా కలరా క్రిమి సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ తెలియదు, లేదా నాలుగు విరేచనాలై ఊరుకుంటుంది. అలాంటి తేలికపాటి కలరాని ల్యాబ్ పరీక్ష లేకుండా డాక్టరు కూడా చెప్పలేరు. తీవ్రమైన కలరాని మాత్రం గుర్తుపట్టవచ్చు, పట్టి తీరాలి. గంటకు లీటరు దాకా నీరు పోయే జబ్బు అది. పొద్దున తిరుగుతున్న మనిషి సాయంత్రానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. సరైన వైద్యం అందితే చనిపోయేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. అందకపోతే తీవ్రమైన కేసుల్లో సగం దాకా పోతారు.

అందుకే కింద చెప్పే వరుసలో జబ్బు పేరు నాలుగో మెట్టులో వస్తుంది. ముందు ఒంట్లోంచి ఎంత నీరు పోయింది, ఎంత తిరిగి లోపలికి వెళ్తోంది అన్నది చూడాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు–గ్లూకోజ్ పొడి) పెద్ద ప్యాకెట్లు కనీసం ఆరు (ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు)
- కచ్చితంగా లీటరు పట్టే సీసా, 200 లేదా 250 మి.లీ. గ్లాసు, 5 మి.లీ. చెంచా
- కాచి చల్లార్చిన నీళ్లు, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఉంచిన నీళ్లు
- జింక్ 20 మి.గ్రా. మాత్రలు (ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే)
- లీటరు గీతలు పెట్టిన పాత బకెట్టు, వాంతులకీ లేవలేని మనిషి విరేచనాలకీ
- సబ్బు, బ్లీచింగ్ పౌడర్
- ఒక కాగితం, పెన్ను. టైము, విరేచనం, వాంతి, మూత్రం, తాగిన గ్లాసులు రాయడానికి. చాలా ఇళ్లలో లేనిది ఇదే. ఆస్పత్రిలో మొదట అడిగేదీ ఇదే.

1. ముందు ఒంట్లో నీరెంత తగ్గిందో చూడండి

నాలుగు చూడాలి. మనిషి ఎలా ఉన్నాడు, కళ్లు ఎలా ఉన్నాయి, నీళ్లిస్తే ఎలా తాగుతున్నాడు, చర్మం పట్టి వదిలితే ఏమవుతోంది.

చర్మాన్ని బొడ్డుకి పక్కన పొట్ట మీద, బొటనవేలు చూపుడువేలుతో నిలువుగా పట్టి పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే ఇబ్బంది లేదు. కాస్త నెమ్మదిగా సర్దుకుంటే నీరు తగ్గుతోంది. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలబడి ఉంటే ప్రమాదం. ముసలివాళ్లలో, బక్కచిక్కిన పిల్లల్లో చర్మం ఎప్పుడూ వదులుగానే ఉంటుంది, బొద్దు పిల్లల్లో నీరు పోయినా బిగువుగానే కనిపిస్తుంది. కాబట్టి ఈ ఒక్క గుర్తు మీద ఆధారపడకండి.

చిరాకు, స్థిమితం లేకపోవడం, కళ్లు లోపలికి పోవడం, గ్లాసు చూపిస్తే ఆత్రంగా లాక్కుని తాగడం, చర్మం నెమ్మదిగా సర్దుకోవడం: వీటిలో ఏ రెండు ఉన్నా 3వ మెట్టులో చెప్పిన లెక్కతో ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి.

సోలిపోయి పిలిస్తే పలకకపోవడం, కళ్లు బాగా పీక్కుపోవడం, తాగలేకపోవడం, చర్మం మడత రెండు సెకన్లు దాటి నిలవడం: వీటిలో ఏ రెండు ఉన్నా, లేక మణికట్టు దగ్గర నాడి అందకపోయినా ఇక ఇంట్లో చూసేదేమీ లేదు. 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోపు, దారిలో కూడా, మింగగలిగితే చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

2. ఓఆర్‌ఎస్ సరిగ్గా కలపండి

పెద్ద ప్యాకెట్ సుమారు 21 గ్రాములు, లీటరు నీళ్లకి. 4 గ్రాముల పైచిలుకు ఉండే చిన్నది 200 మి.లీ.కి. ప్యాకెట్ మీద రాసిన కొలత చదివి, మొత్తం పొడి ఒకేసారి కలపాలి. సగం పొడి సగం నీళ్లలో కలిపి మిగతాది దాచుకుంటే పాళ్లు కుదరవు, ఎందుకంటే ఉప్పు, గ్లూకోజ్ ప్యాకెట్‌లో సమంగా కలిసి ఉండకపోవచ్చు.

ఎక్కువగా జరిగే తప్పు లీటరు ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపేయడం. అది పిల్లల ఒంట్లో ఉప్పును ప్రమాదకరంగా పెంచుతుంది, విరేచనాలనీ పెంచుతుంది. దీనికి ఎదురు తప్పు రెండు లీటర్లలో కలిపి పలచన చేయడం. రెండూ చేయకండి. పాలల్లో, టీలో, కూల్‌డ్రింకులో కలపకండి. పంచదార అదనంగా వేయకండి. కలిపాక మరిగించకండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.

మందుల షాపులో అడిగినప్పుడు టెట్రాప్యాక్ రసం చేతిలో పెడితే తీసుకోకండి. ప్యాకెట్ వెనక ఈ నాలుగూ ఉన్నాయేమో చూడండి: లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రా., గ్లూకోజ్ 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. ఇదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ఈ పాళ్లకు సరిపోని పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా పంచదార ఎక్కువ, ఉప్పు తక్కువ ఉన్న పానీయాలు వేరే పేర్లతో అదే అరలో ఉంటాయి. విరేచనాల్లో అవి తాగిస్తే పేగులోకి ఇంకా నీరు లాగుతాయి.

ప్యాకెట్ దొరికేదాకా: లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. చెంచాలు తలకట్టుగా కాదు, పైన వేలితో గీసి సమం చేసి కొలవాలి. ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మామూలు విరేచనాల్లో పనికొస్తాయి. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ. కలరాలో నీటితో పాటు ఉప్పు కూడా విపరీతంగా పోతుంది కాబట్టి కొబ్బరినీళ్లనే నమ్ముకుని కూర్చోకండి.

3. ఎంత పట్టాలి, ఎంత వేగంగా

నీరు తగ్గిన గుర్తులు ఇంకా లేకపోతే విరేచనం అయిన ప్రతిసారీ: రెండేళ్లలోపు పిల్లలకి 50–100 మి.లీ., రెండు నుంచి పదేళ్ల వరకు 100–200 మి.లీ., పెద్దవాళ్లకి తాగగలిగినంత.

గుర్తులు ఉంటే బరువులో కిలోకి 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో. 60 కిలోల మనిషికి నాలుగున్నర లీటర్లు, అంటే 250 మి.లీ. గ్లాసులు 18. సుమారు పదమూడు నిమిషాలకో గ్లాసు చొప్పున, గుక్కెడు గుక్కెడుగా, నాలుగు గంటలూ మనిషి పక్కనే కూర్చుని పట్టించాలి. పది కిలోల పిల్లకి 750 మి.లీ., నిమిషంన్నరకో చెంచా.

వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి రెండు మూడు నిమిషాలకో చెంచా. ‘తాగిందంతా కక్కేస్తున్నాడు’ అని మానేయడమే పెద్ద తప్పు. కక్కినా కొంత లోపలికి పోయే ఉంటుంది. గ్లాసుడు గటగటా తాగించినప్పుడే వాంతి ఎక్కువవుతుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులతో కిక్కిరిసిన బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ పీపాల్లో ఓఆర్‌ఎస్ కలిపి పెట్టించారు. పక్కనున్న బంధువులే రోగులకి గ్లాసులతో పట్టారు. నూటికి 30 వరకు ఉన్న చావులు 3.6కి దిగాయి. మీరు చేయబోయే పని కూడా అదే. దీనికి వైద్య చదువు అక్కర్లేదు, కాపు కాసే ఓపిక కావాలి.

షుగర్ ఉన్నవాళ్లు గ్లూకోజ్ అని, బీపీ ఉన్నవాళ్లు ఉప్పు అని ఓఆర్‌ఎస్ మానేస్తుంటారు. విరేచనాలు ఆగేవరకు మానకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, ఒంట్లో నీరు మూత్రంలో పోయేందుకు మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం మొదటి గంటలోనే డాక్టరుతో మాట్లాడాలి. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకండి.

4. ఇప్పుడు తేడా చూడండి

ఒక చేత్తో ఓఆర్‌ఎస్ పడుతూనే ఈ గుర్తులు గమనించి కాగితం మీద రాయండి.

*విరేచనం రంగు, వాసన.* తీవ్రమైన కలరాలో మొదట రెండు మూడు మామూలుగా అయ్యాక, మలం అన్నదే లేకుండా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, మబ్బుగా, తెల్లటి తునకలతో పడుతుంది. గంజిలా చిక్కగా ఉండదు. చెడు కంపు ఉండదు, కొద్దిగా చేపల నీచు వాసన ఉంటుంది. మామూలు ఏజీఈలో నీళ్లగా ఉన్నా పసుపో ఆకుపచ్చో రంగు, మలం వాసన, అరగని తిండి కనిపిస్తాయి. రక్తం, జిగట పడితే అది కలరా కాదు, రక్త విరేచనాలు. దానికి వైద్యం వేరు, అదే రోజు డాక్టరుకి చూపించాలి.

*పరిమాణం.* ఎన్నిసార్లు అన్నదాని కన్నా ఎంత అన్నది ముఖ్యం. పదిసార్లు అరగ్లాసు చొప్పున పోవడం వేరు, నాలుగుసార్లు బకెట్టులో లీటరు గీత దాటడం వేరు. పెద్దమనిషికి రెండు మూడు గంటల్లోనే లీటర్ల లెక్కన పోతుంటే కలరా అనుకునే కదలండి.

*కడుపునొప్పి, జ్వరం.* కలరాలో కడుపులో గుడగుడలు ఉంటాయి తప్ప మెలిపెట్టే నొప్పి సాధారణంగా ఉండదు, జ్వరం ఉండదు, ఒళ్లు చల్లబడుతుంది. పిల్లల్లో కొద్దిగా వెచ్చబడవచ్చు. నొప్పి, 101 దాటిన జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటే వేరే క్రిముల వైపు ఆలోచించాలి.

*వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి.* నోరో వైరస్‌లో, పాడైన తిండి తిన్నప్పుడు చాలావరకు వాంతులే ముందు, వికారం బాగా ఉంటుంది. కలరాలో ఎక్కువగా విరేచనాలు ముందు మొదలై, తర్వాత వికారం లేకుండానే నీళ్లలాంటి వాంతులు అవుతాయి.

*పిక్కలు పట్టేయడం, గొంతు.* కాళ్ల పిక్కలు, పొట్ట కండరాలు కొంకర్లు పోయి అరుస్తుంటే, గొంతు కీచుగా మారి మాట తేలకపోతుంటే, చేతివేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడితే, అది ఎంతో ఉప్పు, నీరు పోయిందన్న గుర్తు. కలరాలో ఇవి మొదటిరోజే కనిపిస్తాయి.

*ఇంకెవరికి వచ్చింది.* నా ఉద్దేశంలో ఇంట్లోవాళ్లు చూడగలిగిన గుర్తుల్లో అన్నిటికన్నా పదునైనది ఇదే. పెళ్లి భోజనం చేసిన ఒకటి నుంచి ఆరు గంటల్లో అందరికీ వాంతులు పట్టుకుంటే చాలావరకు స్టెఫైలోకాకస్ లాంటి తిండి విషం. కలిసి తినని వేరువేరు ఇళ్లలో, ఒకే కుళాయి లైను మీద, రెండు మూడు రోజుల వ్యవధిలో పెద్దవాళ్లకి కూడా నీళ్ల విరేచనాలు మొదలైతే నీటిని అనుమానించాలి. కలరా క్రిమి ఒంట్లో చేరిన కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు జబ్బు బయటపడుతుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీళ్లు ప్రాణాలు తీసినప్పుడు కనిపించిన తీరు ఇదే. ఏడాది, రెండేళ్ల పిల్లకి ఒక్కదానికే వాంతులు, కాస్త జ్వరం, తర్వాత విరేచనాలు అయితే రోటా లాంటి వైరస్‌కే అవకాశం ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం కూడా ఇలాంటిదే: రెండేళ్లు దాటిన మనిషికి నీళ్ల విరేచనాలతో ఒంట్లో నీరు తీవ్రంగా పడిపోతే, ఆ ఊళ్లో ఇంకా కలరా లేకపోయినా, కలరా అనుమానిత కేసుగానే చూడాలి. ఊళ్లో కలరా నిర్ధారణ అయిపోతే నీళ్ల విరేచనాలైన ప్రతి ఒక్కరూ అనుమానితులే.

5. మందులు: ఏవి వేయాలి, ఏవి ముట్టుకోకూడదు

ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లలకి జింక్ రోజుకి 20 మి.గ్రా., ఆరు నెలల్లోపు వాళ్లకి 10 మి.గ్రా. (మాత్రలో సగం). చెంచాడు తల్లిపాలల్లోనో నీళ్లలోనో కరిగించి 14 రోజులు. విరేచనాలు మూడో రోజే ఆగినా కోర్సు ఆపకండి.

విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్రలు పిల్లలకి అసలు వద్దు, కలరా అనుమానం ఉంటే పెద్దలకీ వద్దు. బయటికి రావడం ఆగుతుంది గానీ నీరు పేగులోనే నిలుస్తుంది. పొట్ట ఉబ్బుతుంది, ఒంట్లో నీరు తగ్గుతూనే ఉంటుంది. బకెట్టు ఖాళీగా ఉందని తగ్గిందనుకుంటారు.

యాంటీబయాటిక్ మామూలు ఏజీఈకి పనికిరాదు, వైరస్‌కి అస్సలు పనిచేయదు. తీవ్రమైన కలరాలో డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ ఒక్క మోతాదు ఇస్తారు, జబ్బు రోజులు తగ్గుతాయి. కానీ అది డాక్టరు నిర్ణయం. పాత చీటీ చూసి సగం కోర్సు వేసుకుంటే 7వ మెట్టులో చెప్పే పరీక్ష కూడా పాడవుతుంది.

6. ఆస్పత్రిలో ఏం అడగాలి

తాగినా నిలవకపోతే, నాలుగు గంటల్లో మెరుగు కనిపించకపోతే, ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోతే, గర్భిణీ అయితే, ఆరు నెలల్లోపు పసిబిడ్డ అయితే ఆలస్యం వద్దు.

ఊళ్లో ఒక సెలైన్ సీసా ఎక్కించి ఇంటికి పంపడం మామూలు. లెక్క చూడండి. తీవ్రంగా నీరు పోయిన 60 కిలోల మనిషికి కావాల్సింది కిలోకి 100 మి.లీ., అంటే ఆరు లీటర్లు. అందులో 1.8 లీటర్లు మొదటి అరగంటలోనే, మిగతాది రెండున్నర గంటల్లో ఎక్కాలి. ఏడాదిలోపు బిడ్డకి అదే లెక్క ఆరు గంటల మీద: మొదటి గంటలో కిలోకి 30 మి.లీ., తర్వాత ఐదు గంటల్లో 70. అరలీటరు సీసా ఒకటి దీనికి ఏ మూలకి? ఎక్కించేది ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) అయి ఉండాలి. అది లేకపోతే నార్మల్ సెలైన్. ఉత్త డెక్స్‌ట్రోజ్ సీసా పోయిన ఉప్పుని తిరిగి ఇవ్వదు. ‘ఇది ఆర్‌ఎలేనా?’ అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. మనిషి తాగగలిగిన క్షణం నుంచి సెలైన్ ఎక్కుతున్నా ఓఆర్‌ఎస్ పట్టాలి.

7. నమూనా ఇవ్వడం

కలరా అని ఖాయం చేసేది మలం కల్చర్ లేదా పీసీఆర్ పరీక్ష. కిట్‌తో చేసే రాపిడ్ పరీక్ష అనుమానాన్ని బలపరుస్తుంది, అంతే.

- యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే నమూనా తీయాలి.
- డబ్బాలో సబ్బు, ఫినాయిల్, బ్లీచింగ్ జాడ ఉండకూడదు. యాసిడ్‌తో కడిగిన దొడ్డిలోంచి ఎత్తిన నమూనా వృథా.
- ఉత్త డబ్బాలో అయితే రెండు గంటల్లో ల్యాబ్ చేరాలి. దూరమైతే పీహెచ్‌సీ సిబ్బంది క్యారీ–బ్లెయిర్ మాధ్యమంలో (దారిలో క్రిమి చావకుండా ఉంచే పదార్థంలో) పంపిస్తారు. ఐసులో పెట్టకండి, చలికి కలరా క్రిమి తట్టుకోదు.
- ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వైద్యం దానికోసం ఆగదు.
- మందు వేసుకున్నాక ఇచ్చిన నమూనాలో క్రిమి పెరగలేదంటే కలరా కాదని అర్థం కాదు.

ఒక్క కేసు అనిపించినా ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో, పట్నంలో అయితే బస్తీ దవాఖానకో చెప్పండి. పరువు పోతుందని దాచినన్నాళ్లూ అదే లైను నీళ్లు మిగతా ఇళ్లవాళ్లు తాగుతుంటారు.

8. నాలుగు గంటల తర్వాత సరిచూసుకోండి

మళ్లీ 1వ మెట్టులోని నాలుగు గుర్తులూ చూడండి. మూత్రం వచ్చిందా, రంగు లేతబడిందా? నాలుక తడిగా ఉందా? పిల్ల ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? చర్మం చప్పున సర్దుకుంటోందా? అన్నీ అవుననే అయితే 3వ మెట్టు మొదట్లో చెప్పిన విరేచనానికి ఇంత అన్న లెక్కకి మారండి, తినడానికి పెట్టండి. పెరుగన్నం, ఇడ్లీ, పప్పన్నం, అరటిపండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా. పస్తు పెడితే పేగు త్వరగా బాగుపడదు. విరేచనాలు ఆగాయా లేదా అన్నది ఇక్కడ కొలత కాదు. ఓఆర్‌ఎస్ విరేచనాలని ఆపదు, అవి మరో రెండు మూడు రోజులు కావచ్చు.

సగమే మెరుగైతే ఇంకో నాలుగు గంటలు అదే మోతాదు, ఈసారి ఆరోగ్య కార్యకర్త కళ్ల ముందు. దిగజారితే 108. కనురెప్పలు ఉబ్బితే ఓఆర్‌ఎస్ ఆపి తల్లిపాలో మామూలు నీళ్లో ఇవ్వండి, ఉబ్బు దిగాక మళ్లీ మొదలుపెట్టండి.

9. ఇల్లు, నీళ్లు

వాంతి, విరేచనం పడిన చోట ముందు బ్లీచింగ్ నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి, తర్వాత కడగాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ అయితే నేలకి లీటరు నీళ్లలో 7 గ్రాములు, బకెట్టులోని మలానికి లీటరు నీళ్లలో 66 గ్రాములు. బ్లీచింగ్‌నీ టాయిలెట్ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. మూత తీసి నెలలైన పౌడర్‌లో క్లోరిన్ మిగలదు, ఘాటు వాసన లేకపోతే వాడకండి.

తాగే నీళ్లు కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. చల్లారాక చెయ్యి ముంచకుండా కుళాయి ఉన్న డబ్బాలో పోయండి. క్లోరిన్ మాత్రలైతే స్ట్రిప్ మీద ఒక మాత్ర ఎన్ని లీటర్లకో చూసి వేయండి, కంపెనీని బట్టి మారుతుంది. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు పాత చీర గుడ్డ నాలుగు మడతలతో వడగట్టండి. క్రిములు కొంత తగ్గుతాయి, అయినా క్లోరిన్ తప్పదు.

బావి అయితే వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ మొదటి మోతాదు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరున్న గుండ్రటి బావిలో సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. పౌడర్‌ని నేరుగా బావిలో చల్లకండి. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైనున్న తేట నీరు మాత్రం పోసి, చేదతో బాగా కలిపి, గంట తర్వాత పరీక్షించండి. పంచాయతీ నీటి సిబ్బంది దగ్గర నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో చూసే క్లోరోస్కోప్ ఉంటుంది. చుక్కల మందు వేసిన నీళ్లు పసుపు రంగుకి తిరిగి 0.5 గీతకి సరిపోవాలి. తక్కువైతే మరికొంత మోతాదు వేసి మళ్లీ చూడాలి. కుళాయి నీళ్లయితే ట్యాంకు దగ్గర కాకుండా లైను చివరి ఇంట్లో పట్టి చూడమనండి. పైపు ఎక్కడైనా పగిలి మురుగు కలుస్తుంటే, ట్యాంకు దగ్గర బాగున్న నీళ్లలో చివరి కుళాయికి వచ్చేసరికి క్లోరిన్ కనిపించదు.